ముందు తమరు కొట్టండి

"మెరుపుమొనగాడు గొప్పవాడా, జలధీరుడు గొప్పవాడా అన్న ప్రశ్నకు మా ప్రభుత్వం శాశ్వత పరిష్కారం చూపబోతోంది" అని విద్యుత్ మంత్రిగారు మైకుల ముందు ప్రకటించారు. పక్కనే మిత్రపక్షానికి చెందిన నీటి మంత్రిగారు నవ్వుతూ నిలబడ్డారు. ఇంతటి సమస్యను నెత్తికెత్తుకునే ధైర్యం ఇదివరకు ఏ ప్రభుత్వానికీ లేకపోయిందని విలేకరులు కూడా ఒప్పుకున్నారు. మధ్యలో లేచి కరెంటు కోత గురించి అడగబోయిన ఒకాయనను మిగతావాళ్లే చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

టీవీలో ఈ ప్రకటన చూస్తున్న రచయిత్రి కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. జలధీరుడి కథలు రాసి, బొమ్మలు గీసేది ఆవిడే. మెరుపుమొనగాడి కథలు రాసేది ఆవిడ మొగుడు. పిల్లలకు కరెంటు, నీళ్ల పొదుపు నేర్పాలని రెండు శాఖలూ చెరొక బొమ్మల పుస్తకం మొదలుపెట్టి, కాంట్రాక్టు మీద చెరొక రచయితను పెట్టుకున్నాయి. ఆ రచయితలిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని రాస్తున్నారన్న సంగతి ఏ శాఖకూ పట్టలేదు.

ఆయన పుస్తకంలో మొనగాడు వేలు చూపిస్తే చాలు, జలధీరుడి ఒంట్లో నీళ్ల గుండా కరెంటు పాకి, పాపం జుట్టు నిక్కబొడుచుకుని పడిపోతాడు. ఈవిడ పుస్తకంలో జలధీరుడు ఒక్కసారి పుక్కిలించి ఊస్తే మొనగాడు చుయ్యిమని ఆరిపోతాడు. ఇంట్లో మాటా మాటా పెరిగిన వారం దెబ్బ ఇంకాస్త గట్టిగా తగిలేది. బళ్లలో పిల్లలు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకున్నారు. పిల్లలతో ఆగితే బాగుండేది. "మా వీరుడికి ఇంకోసారి షాక్ కొడితే మద్దతు ఉపసంహరించుకుంటాం" అని మిత్రపక్షం సభలోనే చెప్పేసింది.

అందుకే శక్తుల సమన్వయ సంఘం పుట్టింది. ఇద్దరు వీరులూ కలిసి ఒక ఉమ్మడి సంచికలో కనిపించాలి. ఆపైన రెండు పుస్తకాలుండవు, ఒకటే ఉంటుంది. ఒక పుస్తకానికి ఒక రచయిత చాలు కాబట్టి, ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో సంచిక వచ్చాక తేలుస్తారు.

"నువ్వుండు. నేను మానేస్తాలే" అన్నాడు భర్త.

"మానేసి ఏం చేస్తారు? పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నా కథల్లో తప్పులు పడతారు. దానికంటే మీరే ఉండండి."

ఆ ఇంట్లో ప్రేమ ఇలాగే మాట్లాడుతుంది. కానీ ఆవిడకు నిజంగానే భయం వేసింది. జలధీరుణ్ణి ఆవిడ కన్నబిడ్డలా పెంచింది. మొగుడి మొనగాడి మీద కూడా, పైకి చెప్పలేదు గానీ, ఆవిడకు ముచ్చటే.

సంఘానికి అధ్యక్షులుగా ఒక రిటైర్డ్ జడ్జిగారిని వేశారు. ఆయన జన్మలో ఒక్క బొమ్మల పుస్తకం తెరిచి ఎరగరు. నిష్పాక్షికతకు అంతకన్నా ఏం కావాలి? భార్యాభర్తలు మొదటి చిత్తుప్రతి పట్టుకెళ్లేసరికి ఆయన స్కేలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కథ చిన్నదే. డాక్టర్ ఢమాల్ అనే దుర్మార్గుడు ఊళ్లో బ్రిడ్జిని పేల్చబోతాడు, వీరులిద్దరూ వచ్చి అడ్డుకుంటారు.

"ఎవరు ముందొచ్చారు?" అన్నారు అధ్యక్షులు.

"ఇద్దరూ కలిసే వచ్చారండీ."

"మొనగాడి బూటు అర అంగుళం ముందుంది. వెనక్కి జరపండి. ఆ, నీళ్లూ కరెంటూ తగిలితే ఏమవుతుంది?"

"షాక్ కొడుతుందండీ."

"ఎవరికి?"

"అది రాసేవాళ్లను బట్టి ఉంటుందండీ" అంది రచయిత్రి నిజాయితీగా.

"అయితే తగలకూడదు. ఇద్దరూ కలిసే ఉండాలి, తగలకూడదు, ఎవరూ గెలవకూడదు, ఎవరూ ఓడకూడదు."

"అలా కథెలా నడుస్తుందండీ?"

"ప్రభుత్వం నడవట్లేదామ్మా?"

రచయిత్రి ఇంకొక్కటి అడిగింది. "మన ఊళ్లో బ్రిడ్జి సగంలో ఆగిపోయి ఉంది కదండీ. సగం బ్రిడ్జి గీస్తే విమర్శించామంటారు. పూర్తి బ్రిడ్జి గీస్తే వెక్కిరించామంటారు. ఏది గీయమంటారు?"

"బ్రిడ్జి, విలన్ ఈ సంఘం పరిధిలోకి రావు. మీ ఇష్టం" అని అధ్యక్షులు స్కేలు జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. వీరులకు చేయడానికి పనేమీ మిగల్లేదు. భర్త మొనగాడిచేత "ముందు తమరు కొట్టండి" అనిపించాడు. భార్య జలధీరుడిచేత "అబ్బే, ముందు తమరే" అనిపించింది. "తమరు సీనియర్లు." "తమరు మిత్రులు." ఇద్దరి మాటలూ అక్షరాలు లెక్కపెట్టి సమానంగా రాశారు. ఎంత సాగదీసినా సగం పుస్తకం ఖాళీగానే ఉంది.

"ఈ పేజీలన్నీ ఏం చేద్దామోయ్?" అన్నాడు భర్త నీరసంగా.

"డాక్టరుకిద్దాం. పేల్చాలంటే ముందు బ్రిడ్జంటూ ఉండాలి కదా? వాణ్ణే కట్టుకోమందాం."

అక్కణ్ణుంచి కలం ఆగలేదు. డాక్టర్ ఢమాల్ తెల్లారకముందే పనిలోకి దిగాడు. కంకర వేళకు తెప్పించాడు. సిమెంటు పాళ్లు తానే దగ్గరుండి కలిపించాడు. నడిచేవాళ్లు పడిపోకుండా రెండువైపులా కమ్మీలు వేయించి, దీపాలు పెట్టించాడు. పేల్చేది కాస్త గట్టిది కాకపోతే తన పరువేం కావాలని వాడి బాధ. చివరికి మీట నొక్కితే బాంబు తుస్సుమంది. అది ప్రభుత్వ టెండరులో కొన్న సరుకు. బ్రిడ్జి నిలిచింది. వీరులిద్దరూ ఆ చివరన ఇంకా "ముందు తమరు" దగ్గరే ఉన్నారు.

సంఘం వీరుల బొమ్మలన్నీ కొలిచి, సమానమేనని తేల్చి, మిగతా పేజీలు తిప్పకుండానే ముద్ర వేసింది. ఆవిష్కరణ సభలో మంత్రులిద్దరూ ఒకే రిబ్బను చెరొకవైపు పట్టుకుని విప్పారు. ఆనాటి సమన్వయం చూసి తీరాలి.

వారం తిరిగేసరికి పుస్తకం ఊరంతా పాకింది. పిల్లలు కొట్టుకోవడం మానేశారు. అందరూ డాక్టర్ ఢమాల్ వేషమే వేస్తున్నారు, వీరుల వేషం వేయమంటే ఏడుస్తున్నారు. పెద్దవాళ్లయితే "మా వీధి డ్రైనేజీని కూడా పేల్చిపెట్టమని డాక్టరుగారికి మనవి" అని సంతకాలు పెట్టి రెండు శాఖలకూ పంపారు.

మంత్రులిద్దరూ ఒకే కారులో ఇంటి ముందు దిగడం రచయిత్రి కిటికీలోంచి చూసింది. ఒక ఉద్యోగం కాదు, రెండూ పోయాయనుకుంది. భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్లు లోపలికొచ్చి కుర్చీల్లో ఒకేసారి కూర్చున్నారు.

"ఆ డాక్టరుగారు ఏ పార్టీ అమ్మా?" అన్నారు విద్యుత్ మంత్రిగారు. "ఎన్నికలొస్తున్నాయి. ఉమ్మడి అభ్యర్థిగా నిలబెడదామని."

"ఆయన విలన్ అండీ" అన్నాడు భర్త.

"అనుభవం ఉన్నట్టేగా" అన్నారు నీటి మంత్రిగారు.

"బొమ్మండీ, మనిషి కాదు" అంది రచయిత్రి.

"ఇంకా మంచిది, పార్టీ మారరు" అన్నారు విద్యుత్ మంత్రిగారు. "వీరులిద్దరికీ రేపట్నుంచి విశ్రాంతి. డాక్టరుగారికి మాత్రం ఇద్దరు రచయితలు కావాలి. ఒకరు ఆయన వాగ్దానాలు రాయాలి. ఇంకొకరు అవి ఎందుకు జరగలేదో రాయాలి. మీ ఇద్దరిలో ఎవరికేది కావాలో..."

"రెండోది నాకివ్వండి" అంది రచయిత్రి, మొగుడు నోరు తెరిచేలోపే.

"తొందరలేదు, ఆలోచించుకోమ్మా."

"ఆలోచించానండీ. ఆ పనైతే రిటైరయ్యేదాకా ఉంటుంది."