మ్యాక్ లోపలి విండోసుకు ముహూర్తం

కంప్యూటర్ ఎంత నెమ్మదిగా నడిస్తే మనిషికి అంత మేలు! నమ్మరా? అయితే 2008లో కోయిలకుంట్ల బజారులో తేజేశ్వర్ శుభలేఖల షాపు చూసి ఉండాల్సింది.

తేజేశ్వర్ బెంగళూరులో ఎవరో వాడి పక్కన పడేసిన తెల్లటి మ్యాక్ కొనుక్కొచ్చాడు. చూసినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. చిక్కల్లా ఒక్కటే. అతని తెలుగు సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. దానికేం! మ్యాక్ లోపల వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టి, అందులో విండోస్ ఎక్కించాడు. ఇక ఒక అక్షరం కొట్టి, టీ తాగొచ్చి, అది తెరమీద పడిందో లేదో చూసుకోవచ్చు.

ఎంత లాభమో చూడండి. కార్డులో ఎవరి పేరు ముందుండాలని కొట్టుకునే బావమరుదులు, ఫైలు తెరుచుకునేలోగా అలసిపోయి రాజీకొచ్చేవారు. ఇంత శాంతి ఏ పంచాయితీలో దొరుకుతుంది?

ఆ శుక్రవారం కిరాణా వ్యాపారి పెద్దసుబ్బయ్య, భార్య కన్యకమ్మ తమ కూతురు శ్రీవాసవి శుభలేఖ రాయించడానికి వచ్చారు. వీళ్ళు మెచ్చితే బజారులోని పెళ్ళిళ్ళన్నీ తేజేశ్వర్‌వే. లేదంటే షాపు మూసుకోవాల్సిందే. అందుకే పదిన్నరకు రాహుకాలం రాకముందే, పదింటికే, మ్యాక్‌కు పసుపు కుంకుమ పెట్టి ఆన్ చేశాడు. అది ఐదు నిమిషాల్లో లేచింది. లోపలి విండోస్ మాత్రం పదీ ముప్పైరెండుకు కళ్ళు తెరిచింది.

"ఏమప్పా, రాహుకాలం వచ్చె గదా!" అంది కన్యకమ్మ.

"మిషను మంచి గడియలోనే ఆన్ చేస్తి పెద్దమ్మా."

"బయటిది చేస్తివి. మా శ్రీవాసవి పేరు రాసేది లోపలదాంట్లో గదా? అది ఇప్పుడే కదప్పా లేచింది!"

తేజేశ్వర్ రాహుకాలం దాటేదాకా కాచుకున్నాడు. పన్నెండుకు ఆపి మళ్ళీ వేశాడు. అది లేచేసరికి దుర్ముహూర్తం పట్టింది. అదీ దాటాక వేస్తే, ఈసారి వర్జ్యం! తేజేశ్వర్‌కు ఏడుపొక్కటే తక్కువ. పెద్దసుబ్బయ్య పంచాంగం మూసి, భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకు ఆయనే వచ్చి, మూలలకు పసుపు రాసిన శుభలేఖ తేజేశ్వర్ చేతిలో పెట్టాడు. ఎదురు వీధిలో శుభలేఖలు వేసే వీరభద్ర పావుగంటలో తయారు చేశాడట.

కార్డు పైన వినాయకుడి బొమ్మ. తేజేశ్వర్ ఒకప్పుడు వారం రోజులు కూర్చుని గీసిన బొమ్మ! మ్యాక్ మోజులో వీరభద్రకు అమ్మేసిన తన పాత కంప్యూటర్లోనే అది ఉండిపోయింది.

"బొమ్మ శానా బాగుండాది గదప్పా?" అన్నాడు పెద్దసుబ్బయ్య. "వీరభద్ర మంచి పనోడు. కొన్నాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోరాదా?"