మూడు వందల మూడో నంబరు డబ్బా

ఆ శనివారం పొద్దున ఆర్డిత్ పెట్టుకున్న పని ఒక్కటే. పళ్లముక్కలతో జెల్లీలా గడ్డకట్టే జెలటిన్ సలాడ్ కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం దాకా కాళ్లు చాపుకొని పడుకోవడం. వారానికి ఐదు రోజులు బడి వంటింట్లో రెండు వందల మంది పిల్లలకు వండే మనిషికి అది పెద్ద కోరికేమీ కాదు. సాయంత్రం ఐదింటికి చర్చి కింది హాల్లో అత్తగారు బోర్‌గిల్డ్ తొంభయ్యో పుట్టినరోజు విందు.

కోడలి వంట నచ్చలేదని అత్తగారు ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఆ ఊరి నార్వే సంతతి వాళ్లు అలా అనరు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "వేరేగా ఉంది" అంటారు. ఆ మాట పడిన వంటకాన్ని ఎవరూ మళ్లీ చేయరు. ఆర్డిత్ వంటలు చాలావరకు అలాగే పోయాయి. ఆవిడ నోట ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని ఆర్డిత్‌కు గట్టిగా ఉంది. ఇంకా ఎన్ని పుట్టినరోజులు మిగిలి ఉన్నాయో ఎవరికి తెలుసు? అందుకే సొంత తెలివి పక్కన పెట్టి, 1951లో చర్చి ఆడవాళ్లు అచ్చు వేయించిన వంటల పుస్తకం తెరిచి, అత్తగారి పేరుతో ఉన్న సలాడ్‌నే ఎంచుకుంది.

నంబరు 2 సైజు అనాస డబ్బా ఒకటి. నంబరు 303 పీచ్ పళ్ల డబ్బాలు రెండు. డబ్బాల్లోని రసం కాచి అందులోనే జెలటిన్ కలపాలి, నీళ్లు పోయకూడదు.

"ఓరిన్, 303 డబ్బా అంటే ఎంత?"

ఆమె భర్త ఓరిన్ ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్లు కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. బరువుల మాట వింటే చాలు, అతనికి ప్రాణం లేచొస్తుంది. "కొట్లో అడగలేకపోయావా?"

"అడిగాను. ఇప్పుడన్నీ ఔన్సులేనట. ఆ నంబర్లు కొట్టువాడు పుట్టకముందే పోయాయట."

"మీ బడికి వచ్చేది ఏ నంబరు?"

"పది. ఆరున్నర పౌండ్లు."

ఓరిన్ పెన్సిల్ తీశాడు. "పదికి ఆరున్నరైతే రెండుకి ఒక పౌండూ, ఐదు ఔన్సులూ. బాగానే ఉంది. ఇక 303కి..." పెన్సిల్ ఆగింది. "నూట తొంభై ఏడు పౌండ్లు."

"ఒక్కో డబ్బానా?"

"ఒక్కో డబ్బా. నీకు రెండు కావాలి."

"నాకు లేవగానే నడుం పట్టేసింది. పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే చెప్పు."

"నంబరు పెద్దది కాబట్టి డబ్బా రెండో నంబరు కంటే పెద్దదే అయ్యుంటుంది. మనిషి మోయగలిగేదీ అయ్యుంటుంది. రెండేసి పౌండ్లు అనుకుందాం. లేదా అమ్మనడుగు."

ఇద్దరూ ఫోను వైపు చూశారు. అడిగితే చేతకాలేదని ఒప్పుకున్నట్టే. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

నిజానికి 303 డబ్బా పట్టేది పౌండే. రెండో నంబరు కంటే చిన్నది. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఒక్కతే మిగిలింది, ఆవిడకే ఆ రోజు పుట్టినరోజు.

రెండేసి పౌండ్ల లెక్కన పోసేసరికి పీచ్ రసం రెట్టింపు పడింది. మధ్యాహ్నానికి కూడా సలాడ్ గిన్నెలో తొణుకుతూనే ఉంది. ఆర్డిత్ చర్చి వంటింటి పెద్ద ఎల్వీరాకు ఫోన్ చేసింది.

"అక్కడ జెలటిన్ పాకెట్లు ఏమైనా ఉన్నాయా? నా సలాడ్ కాస్త ఎక్కువైంది."

"ఆరున్నాయి. పంపిస్తాను," అంది ఎల్వీరా. ఎందుకు ఎక్కువైందని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగలేదు. పాకెట్లు పంపాక గంటకు మళ్లీ ఫోన్ చేసింది. "సలాడ్ తెస్తామన్న మిగతా నలుగురికీ తేవద్దని చెప్పేశాను. పాపం నువ్వు అంత చేస్తుంటే వృథా కదా. ఎనభై మందికి సరిపోతుందిగా?"

లేదు అనడానికి అదే సమయం. ఆర్డిత్ నోరు తెరిచింది. "సరిపోతుంది," అంది.

ఓరిన్ కొట్టుకు పరుగెత్తి ఉన్న పీచ్ డబ్బాలన్నీ తెచ్చాడు. అన్నీ కలిపి, ఆరు పాకెట్లూ వేసి, బట్టలుతికే తొట్టి తోమి అందులో పోశారు. తొట్టి ఫ్రిజ్‌లో పట్టదు. పెరట్లో మోకాలి లోతు మంచు ఉంది కాబట్టి అందులో పాతి పెట్టారు. నాలుగున్నరకు తవ్వి చూస్తే పైన సన్నటి మంచుపొర, కింద చల్లటి రసం, రసంలో తేలుతూ పళ్లముక్కలు. ఆర్డిత్‌కు ఏడుపు రాలేదు, అందుకు కావలసిన ఓపిక కూడా లేదు.

హాల్లో ఎల్వీరా తొట్టిలోకి తొంగి చూసింది. "పళ్లేలు తియ్యనా, గిన్నెలు పెట్టనా?"

"గిన్నెలు," అంది ఆర్డిత్.

మొదటి గిన్నె అత్తగారికే వెళ్లింది. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచనలో పడింది. చుట్టుపక్కల బల్లల వాళ్లు తినడం ఆపారు. ఆర్డిత్ కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ రెండో చెంచా తీసుకుంది, మూడోది తీసుకుంది, చివరికి గిన్నె ఎత్తి తాగేసింది.

"పళ్ల సూపు," అంది బోర్‌గిల్డ్. "మా అమ్మ చేసేది. ఆవిడ పోయాక మళ్లీ ఇవాళే తింటున్నాను."

"అది మీ సలాడే అత్తయ్యా," అంది ఆర్డిత్. ఇక దాచే ఓపిక లేదు. "పుస్తకంలోది. గట్టిపడలేదు."

"ఆ సలాడ్ నాకెప్పుడూ నచ్చలేదు. పుస్తకానికి ఏదో ఒకటి ఇమ్మన్నారు, ఇచ్చాను." ఆవిడ గిన్నె ముందుకు జరిపింది. "ఇది బాగుంది. ఇంకాస్త పొయ్యి."

ఆర్డిత్ కోటు విప్పకుండానే అత్తగారి పక్క కుర్చీలో కూలబడింది. ఆ రోజు ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఎలా చేశావో రాసివ్వు," అంది బోర్‌గిల్డ్, నోరు తుడుచుకుంటూ. "డబ్బాలు మాత్రం ఎన్ని ఔన్సులో రాయి. నంబర్లు వేస్తే జనానికి ఏం అర్థమవుతుంది?"