తాకకూడని దగ్గు

ఒక పెద్ద అడవిలో, వాగుకు ఎగువన ఒక మందుల కార్ఖానా, దిగువన ఒక దగ్గు ఉండేవి.

కార్ఖానా దుమ్ములగొండిది. అందులో అతను దగ్గు మందు కాచేవాడు. కాచగా మిగిలిన నురుగును వాగులోకి వదిలేవాడు. ఆ నీళ్లు తాగి దిగువ జంతువులకు దగ్గు పట్టుకునేది. దగ్గు పట్టుకున్నవాళ్లు అతని దగ్గరే దగ్గు మందు కొనుక్కునేవాళ్లు. ఇంత చక్కని వ్యాపారం చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదు.

అడవి కళా పరిషత్తు వాళ్లకు మాత్రం కార్ఖానాకు పైనున్న ఊట నుంచి దున్నలు నీళ్లు మోసుకొచ్చేవి. కళకు గొంతు ముఖ్యం కదా!

దిగువన అందరికన్నా ఎక్కువ దగ్గేది ఎలుగుబంటి కొండమ్మ. పెద్దావిడ. ఏ లోయలో ఇప్పచెట్టు ముందు పూస్తుందో, ఏ బండ చాటున తేనెపట్టు పడుతుందో ఎలుగులందరికీ చెప్పేది ఆమే. ఇప్పుడు చెప్పబోయేసరికి దగ్గు ముంచుకొస్తోంది. అది తగ్గేసరికి చెప్పబోయింది కాస్తా ఎగిరిపోతోంది.

"దగ్గితే దగ్గాను గానీ, దగ్గినప్పుడల్లా బుర్రలోంచి ఒక చెట్టు రాలిపోతోంది నాయనా," అని వైద్యుడు వడ్రంగిపిట్ట దగ్గర మొరపెట్టుకుంది. "అన్నీ రాలిపోకముందే ఏదైనా చెయ్యి."

వడ్రంగిపిట్ట ముక్కుతో ఆమె ఛాతీ మీద టకటకా కొట్టి చూశాడు. అది చాలక, మిణుగురుల గుంపును వీపు వెనక నిలబెట్టి, ముందు ఒక టేకాకు పట్టాడు. ఆకు మీద పక్కటెముకల నీడలు పడ్డాయి. వాటి మధ్య మసకమసకగా నురుగు.

"లోపలంతా వాగే ఉంది అవ్వా. పై ఊట నీళ్లు తాగాలి, అడ్డసరం ఆకు కషాయం పుచ్చుకోవాలి. నెల తిరిగేసరికి నీ చెట్లన్నీ నీకు వస్తాయి."

సరిగ్గా అప్పుడే కళా పరిషత్తు అధ్యక్షుడు నక్క అటుగా వచ్చి, టేకాకు చూసి ఆగిపోయాడు.

"ఆహా! ఏం నీడ, ఏం వేదన! ఎవరు గీశారు?"

"ఎవరూ గీయలేదండీ. అది ఆవిడ ఛాతీ."

"గీయకుండానే ఇంత వచ్చిందా! అయితే ఇంకా గొప్పది!"

సాయంత్రానికల్లా పరిషత్తు తీర్మానం చేసింది. కొండమ్మను తెచ్చి ఒక బండ మీద కూర్చోబెట్టారు. వెనక మిణుగురులు, ముందు టేకాకు, పక్కన బుంగ నిండా వాగు నురుగు. దాహమైతే ఆమె తాగవలసింది అదే. పలక మీద 'శ్వాస: ఇంకా పూర్తి కాలేదు' అని పేరు రాశారు. దాని కింద 'ఖర్చు భరించినవారు: దుమ్ములగొండి మందుల కార్ఖానా' అని, ఇంకా కింద 'తాకరాదు' అని.

జనం వరస కట్టారు.

"ఈ దగ్గు కాలాన్ని ప్రశ్నిస్తోంది," అంది కళ బాగా తెలిసిన కొండగొర్రె.

"నాకూ దగ్గుందండీ," అంది కుందేలు ఆశగా.

"నీది మామూలు దగ్గు. జరుగు."

కషాయం తెచ్చిన వడ్రంగిపిట్టను కాపలా ఉడుము అడ్డుకుంది.

"తాకరాదు."

"ఆవిడకు జబ్బయ్యా బాబూ!"

"ఆ జబ్బే కదండీ కళ! అది తీసేస్తే మిగిలేది ముసలి ఎలుగు. అలాంటివి అడవిలో బోలెడు. కళాకారుడు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు, రూలు."

కొండమ్మ అంతా వింది. దగ్గు కాస్త సద్దుమణిగాక వైద్యుడి వంక చూసి, "ఏం నాయనా, నువ్వు కళాకారుడివి కాకూడదా?" అంది.

మర్నాడు వడ్రంగిపిట్ట తలమీది జుట్టు రేపుకుని, మెడలో ఒక పూలతీగ చుట్టుకుని వచ్చాడు. "దీని కళాకారుణ్ణి నేను. ఆ నీడ పడేట్టు చేసింది నేనే. పూర్తి కాలేదని పలక మీదే ఉందిగా? పూర్తి చేసుకోవాలి."

ఉడుము పలక చదివింది. ఇంకోసారి చదివింది. పక్కకు తప్పుకుంది.

ఆ రోజు నుంచి వైద్యం అందరి ఎదుటా జరిగింది. ఛాతీ మీద టకటకా కొడితే తాళమనుకుని తలలూపారు. కషాయం పోస్తే, "ద్రవంతో ప్రయోగం," అంది కొండగొర్రె. నురుగు పారబోసి బుంగలో ఊట నీళ్లు నింపితే, "శూన్యం!" అని కళ్లు మూసుకుంది.

నెల తిరిగింది. పక్క అడవి నుంచి పెద్దపులి గారు ముఖ్య అతిథిగా విచ్చేశారు. "ఏదీ, ఆ దగ్గు వినిపించండి."

కొండమ్మ గొంతు సవరించుకుంది. "ఉత్తరపు లోయలో జంట ఇప్పచెట్లు ముందు పూస్తాయి. తరవాత పాలబండ కింది చెట్టు. దాని పక్కనే తేనెపట్టు..." అంటూ ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయింది.

నక్క ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అవ్వా, దగ్గు! మా పరువు!"

"రావట్లేదు బాబూ. నా కళాకారుడు పూర్తి చేసేశాడు."

"పలక మీద నా పేరుంది," అని దుమ్ములగొండి పళ్లు నూరాడు.

నక్క టేకాకు వెనక దూరి ఖళ్ళుఖళ్ళుమన్నాడు. పులి గారు మొహం చిట్లించారు. "ఇందులో నిజాయితీ లేదు."

ఇక దారి లేక నక్క వాగు దగ్గరికి పరుగెత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ నీళ్లు గటగటా తాగాడు. తిరిగొచ్చి దగ్గితే టేకాకు ఎగిరి అవతల పడింది.

పులి గారి కళ్లు చెమర్చాయి. "అద్భుతం! దీన్ని ఇక్కడే శాశ్వతంగా ఉంచండి."

ఉడుము వెంటనే పలక తెచ్చి నక్క మెడలో వేసింది. దుమ్ములగొండి మందు సీసాతో పరుగెత్తుకొస్తే, "తాకరాదు," అంది.

"వైద్యుడు గారూ!" అని నక్క ఏడ్చాడు. "మీరు కళాకారులు కదా! మీరైనా పూర్తి చెయ్యండి!"

"దీని కళాకారుణ్ణి నేను కాదండీ," అన్నాడు వడ్రంగిపిట్ట. "మిమ్మల్ని ఇలా చేసింది వాగు. అదే పూర్తి చెయ్యాలి."

"అయితే వాగును బాగు చెయ్యండి! కార్ఖానా మూయించండి! ఇదే తీర్మానం!"

"అదేమిటి! దిగువ వాళ్లు మొత్తుకున్నప్పుడు ముందు అధ్యయనం జరగాలన్నది మీరే కదా!" అన్నాడు దుమ్ములగొండి.

"అధ్యయనం..." నక్క దగ్గి, దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు. "అయిపోయింది."

కొండమ్మ బండ దిగి, చెట్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ, లోయ దారి పట్టింది.

నీతి: వాగు బాగుపడాలంటే, తాగేవాళ్లు దగ్గితే చాలదు, దగ్గవలసినవాళ్లు తాగాలి.