కమాలుద్దీన్ మానిన తాగుడు

ఆ పొద్దున కమాలుద్దీన్ అనుకున్నది పెద్ద పనేమీ కాదు. ఎప్పటిలాగే యజమాని జనార్దనయ్య బస్సును ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తోలుకెళ్లి, తిరిగి తెచ్చి, ఇంటికొచ్చి పడుకోవాలి. ఇల్లంతా చుట్టబెట్టిన జలుబు అందరికీ పోయి చాలా రోజులైంది. ఆయనకు మాత్రం మెడ ముందుభాగం సలుపుతూ, ఆ నొప్పి చెవిదాకా ఎక్కుతోంది. గుటక వేస్తే కళ్లలో నీళ్లు.

భార్య చాంద్బీ ఆ సంగతి పొరుగింటి పెంచలమ్మ చెవిన వేసింది.

"సారా పట్టించి రుద్దు. పోతాది," అంది పెంచలమ్మ.

"మా ఇంట్లో సారానా! మా మామ వింటే గోరీలోనుంచి లేచొస్తాడక్కా!"

"తాగమన్నానా ఏంది? నేను తెచ్చిస్తా, ఉండు."

వాసనకు మొహం తిప్పుకున్నా, బాధ ఓర్చుకోలేక కమాలుద్దీన్ మెడ అప్పగించాడు.

ఆ రోజే జనార్దనయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు ఊరు దాటకముందే ముక్కు ఎగబీల్చాడు.

"కమాలూ, ఏందిరా ఆ వాసన?"

"మెడకు పూసుకున్నానయ్యా."

"మరి చేతులెందుకు వణకతా ఉండాయి?"

"అదే తెలీడంలేదు. గుండె కూడా దడదడ కొట్టుకుంటా ఉండాది."

"మెడకు పూస్తే చేతులొణికినాయా? చర్మంలోనుంచి లోపలికి ఇంకిందేమో!"

బస్సంతా నవ్వింది. కమాలుద్దీన్ చెమటలు తుడుచుకున్నాడు. అదీ తాగిన లక్షణమే అయింది. ఆత్మకూరులో జనార్దనయ్య తాళంచెవి తీసుకున్నాడు. కమాలుద్దీన్ ఇంటికి ఉన్న ఆధారం ఆ స్టీరింగు ఒక్కటే.

ఆయన ఇల్లు చేరకముందే కబురు చాంద్బీ పుట్టినూరు సీతారామపురం చేరింది. అక్కడినుంచి ఆమె అన్న వహాబ్ దిగబడి, బావను పైనుంచి కిందికి చూశాడు. మనిషి సగమయ్యాడు. కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు, ఊరికే కసురుకుంటున్నాడు. వహాబ్ ఇల్లు వెతికితే బియ్యం డబ్బా వెనక సీసా దొరికింది.

"ఎవరిదే ఇది?"

"మెడదన్నా," అంది చాంద్బీ.

తాగుడు మాన్పించే సూది వేయిద్దామని వహాబ్ బావను ఆత్మకూరు డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. ఆమె మెడ మీద వేలు పెట్టగానే కమాలుద్దీన్ కేక పెట్టాడు.

"ఈమధ్య జలుబు చేసిందా?"

"చేసిందమ్మా. అది ఎప్పుడో పోయింది."

"పోతూపోతూ గొంతులో థైరాయిడ్ అనే గ్రంథిని వాచేటట్టు చేసింది. ఆ వాపుకు గ్రంథిలో నిలవున్న హార్మోనంతా ఒక్కసారిగా రక్తంలోకి కారుతోంది. దడ, వణుకు, చిక్కిపోవడం అందుకే. నొప్పికి మాత్రలిస్తాను. నిలవ అయిపోయాక కొన్నాళ్లు మందకొడిగా ఉంటాడు. చాలామందికి ఆ తర్వాత అదే సర్దుకుంటుంది. నేను చెప్పిందాకా బండి తోలొద్దు."

"మరి సారా?" అన్నాడు వహాబ్.

"మెడకైనా దండగే."

ఆమె చెప్పినట్టే జరిగింది. ముందు వణుకు తగ్గింది. తర్వాత మనిషి మరీ నెమ్మదించాడు. పలకరిస్తే జవాబు కాసేపటికి వచ్చేది. ఎండలో కూడా దుప్పటి కప్పుకునేవాడు. "తాగుడు మానినోళ్లు మొదట్లో ఇట్టనే ఉంటారు," అన్నారు బస్టాండులో. కొన్ని నెలలకు ఆ మందకొడితనమూ పోయింది. ఇక బస్సు తోలుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

జనార్దనయ్య మాత్రం నమ్మలేదు.

"జలుబుకు చేతులొణికితే చలికాలమంతా బస్సులే తిరగవురా. దర్గా కాడికొచ్చి ఇంక తాగనని ప్రమాణం చెయ్. తాళంచెవి ఇస్తా."

"తాగిందే లేదయ్యా!"

"అయితే మానేదానికేం కష్టం?"

కమాలుద్దీన్ ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ప్రమాణం చేస్తే చేయని తప్పు ఒప్పుకున్నట్టు. చేయకపోతే పొయ్యి వెలగదు. పదిమందీ ఒక మాట అనుకున్నాక నిజం చెప్పేవాడే అబద్ధాలకోరులా కనిపిస్తాడని ఆయనకు అప్పుడు అర్థమైంది.

"ఇంక తాగనని చెప్పు. తాగినానని మాత్రం చెప్పబాక," అంది చాంద్బీ. "రెండూ ఒకటి కాదు. వినేవాళ్లకు తేడా తెలీకపోతే అది వాళ్ల ఖర్మ."

కమాలుద్దీన్ ప్రమాణం చేశాడు. స్టీరింగు చేతికొచ్చింది. జనార్దనయ్య పదిమందిలో ఆయన భుజం తట్టాడు. ఆత్మకూరులో బస్సెక్కే ఆడవాళ్లు తమ మొగుళ్లకు ఆయన్ను వేలెత్తి చూపించసాగారు.

ఇన్నేళ్లు తాగకుండా ఉన్నందుకు రాని మంచిపేరు, మానినందుకు వచ్చింది.