జూనిపర్‌ని కాపాడినవాళ్లు

ఆ శనివారం డెల్మార్ కుచేరా అనుకున్న పని చిన్నదే. మూడో రేసులో జూనిపర్‌ని పరిగెత్తించడం, దాని కాళ్లకు చల్లనీళ్లు కొట్టడం, గడ్డి వేసి తనూ పడుకోవడం. ప్లాట్ నది ఒడ్డున ఉన్న ఆ రేసుకోర్సులో అతనికి మిగిలింది ఆ ముసలి ఆడగుర్రం ఒక్కటే. అది ఉన్నంతకాలమే అతనికి అక్కడ కొట్టమూ, కొట్టం పక్క గదీ.

దానికి దక్కేది అట్టడుగు రేసు. అందులో దిగిన ఏ గుర్రాన్నైనా, పరుగుకు ముందు పెట్టెలో చీటీ వేసినవాళ్లు ముందే నిర్ణయించిన ధరకు తోలుకుపోవచ్చు. జూనిపర్ మోకాలు చూసినవాళ్లెవరూ ఇంతవరకూ చీటీ వేయలేదు.

రేసుకోర్సులో కాసినో పెట్టనివ్వాలా వద్దా అని ఊరు రెండుగా చీలిన వేసవి అది. సోమవారం టౌన్‌హాల్లో సభ. కాసినో వస్తే బహుమతులు పెరిగి గుర్రాలు బతుకుతాయని ఒకళ్లు, కొంపలు కూలుతాయని ఇంకొకళ్లు. క్యాంటీన్‌లో కాఫీ కూడా ప్రశాంతంగా తాగనివ్వడం లేదు. శుక్రవారం ఒక విలేకరి వెంటపడితే, వదిలించుకోవడానికి డెల్మార్ ఒక్క ముక్క అన్నాడు.

"దాని పనీ, నా పనీ అయిపోవచ్చిందిలే బాబూ."

తెల్లారేసరికి పేపర్లో జూనిపర్ ఫొటో పడింది. కాసినో రాకపోతే ఈ గుర్రం కబేళాకేనని పైన పెద్ద అక్షరాలు.

కాసినో తరఫున తిరిగే ప్రెస్కాట్, దాన్ని కొని సోమవారం టౌన్‌హాలు ముందు నిలబెడతానని క్యాంటీన్‌లో అందరికీ చెప్పి మరీ చీటీ వేశాడు. చర్చివాళ్లను కూడగట్టి కాసినోను ఎదిరిస్తున్న ఆర్డిత్ లింకే ఆ మాట విన్నది. నోరులేని జీవాన్ని ప్రచారానికి తిప్పనివ్వనని, చీటీ వేయాలంటే ఉండాల్సిన గుర్రపు యజమాని లైసెన్సు అప్పటికప్పుడు తీసుకుని తనూ చీటీ వేసింది.

డెల్మార్ రేసు అధికారి దగ్గరికి వెళ్లి, గుర్రాన్ని రేసులోంచి వెనక్కి తీసుకుంటానన్నాడు.

"కుంటుతోందని డాక్టరు చెబితేనే కుదురుతుంది, డెల్మార్."

"ఏడాదంతా కుంటుతూనే ఉంది కదయ్యా."

పశువుల డాక్టరు నడిపించి చూశాడు. జూనిపర్ ఆ ఏడాదిలో మొదటిసారి తిన్నగా నడిచింది. ఏం మందు వాడుతున్నావని డాక్టరు మెచ్చుకోలుగా అడిగాడు.

"నా ఖర్మ," అన్నాడు డెల్మార్.

రేసులో అది ఎప్పటిలాగే అందరికంటే చివర వచ్చింది. రెండు చీటీలు పడ్డాయి గనక, ఆచారం ప్రకారం అంకెల గోళీలు తోలుసీసాలో వేసి కుదిపారు. ఇది లాటరీ కాదా అని ఆర్డిత్ నిలదీసింది. కాదు, నిబంధన అన్నాడు అధికారి. గోళీ రాలింది. ఆర్డిత్‌ది. గాల్లోకి లేచిన తన పిడికిలిని చూసుకుని ఆవిడ మెల్లగా కిందికి దించింది.

పగ్గం చేతికిచ్చాక ఆవిడకు ఏం చేయాలో తోచలేదు.

"ఇదేం తింటుంది?"

"చెబితే భయపడతారమ్మా."

"ఎక్కడ పడుకుంటుంది?"

"నా గది పక్కన."

ఆర్డిత్ చాలాసేపు గుర్రం వైపు చూసింది. గుర్రం ఆవిడ టోపీ వైపు చూసింది.

"అయితే అక్కడే ఉండనీ. మేత ఖర్చూ, నీ జీతమూ నేనిస్తా. దాన్ని మాత్రం ఇంకోళ్ల చేతికి పోనివ్వకు."

డెల్మార్ పగ్గం మళ్లీ అందుకున్నాడు. ఇన్నేళ్లు సొంత ఖర్చుతో మేపిన గుర్రాన్ని ఇకనుంచి జీతానికి మేపాలి. పెద్దగా అలసట తగ్గలేదు గానీ, కొట్టం మాత్రం నిలిచింది.

సోమవారం సభలో ఆర్డిత్ కాసినోకి వ్యతిరేకంగానే మాట్లాడింది. కాకపోతే ముక్తసరిగా ముగించింది, వచ్చే శనివారం రేసుకి జూనిపర్ పేరు నమోదు చేసే గడువు దాటిపోతోందని.