మెరుపు చెడని మైక్రోస్కోపు

ఏం చూశారు? నసగకుండా చెప్పండి. మీ పిల్లల బడికి వెళ్లి, తాళం వేసిన బీరువా ముందు నిలబడి వచ్చారు కదా, లోపల ఏం చూశారు?  చెప్పే ముందు ఇది వినండి.

ఒక పెద్ద అడవిలో ఒక బడి. సైన్సు చదువు బాగుపడాలని సర్కారు ఆ బడికి కొత్త మైక్రోస్కోపు పంపింది. హెడ్మాస్టరు ఎలుగుబంటి దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. కన్ను ఆనించే చోట తెల్లటి ప్లాస్టిక్కు మూత ఉంటే అదీ తియ్యలేదు. మెరుపు పోతుందట!

ఉడుతపిల్లకి ఆ బీరువా మీదే ధ్యాస. మడుగు నీళ్లు తాగి దాని తమ్ముడు విరేచనాలతో తొర్రలో సోలిపోయి ఉన్నాడు మరి.

"సార్, ఆ నీళ్లు ఒక్క చుక్క పెట్టి చూద్దాం సార్!"

"చూస్తే అరిగిపోతుందే! ముందు భాగాల పేర్లు బట్టీ పట్టు. చూడ్డం ఇన్స్పెక్టరు గారొచ్చినప్పుడు."

పిల్లలంతా పట్టారు. కుందేలైతే నిద్రలో కూడా అప్పజెప్పేది.

ఇన్స్పెక్టరు నక్క వచ్చాడు. బీరువా తెరుచుకుంది. ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి ఉడుతపిల్ల తెచ్చిన మడుగు నీటిచుక్కే పెట్టారు. నక్క ఒక కన్ను మూసి చూశాడు. మూత అడ్డం. అంతా తెలుపే.

"ఆహా, పాలలా ఉన్నాయి! ఒక్క పురుగు లేదు. రాసుకోండి!"

"చూపంటే తమరిదే సార్!" అన్నాడు ఎలుగుబంటి.

ఉడుతపిల్ల ఒక్క గెంతు గెంతి, మూత కొరికి పీకి, కన్ను పెట్టింది. 

"ఏం చూశావో చెప్పు!" గద్దించాడు నక్క.

"పురుగులు సార్! బిలబిలలాడుతున్నాయి. మీరూ చూడండి సార్!"

"నాకు కనబడనివి నీకెలా కనబడ్డాయే?"

"కొత్త మూత నాశనం చేసింది సార్! దీని పేరు బడిలోంచి కొట్టేస్తున్నా!" అన్నాడు ఎలుగుబంటి.

ఉడుతపిల్ల ఏడవలేదు. ఒక్క పరుగున తొర్రకెళ్లి మడుగు నీళ్ల ముంత తన్నేసింది. దూరమైనా ఏటి నీళ్లు మోసింది. తమ్ముడు లేచి కూర్చున్నాడు.

ఇక్కడ బడికి ఉత్తమ సైన్సు బిరుదు ఇచ్చి పుచ్చుకుని, విందు ఆరగించి, పెద్దలిద్దరూ మడుగు నీళ్లు చెరో చెంబు తాగారు. సాయంత్రానికి ఒకే పొద కోసం కొట్టుకున్నారు. తప్పు విందులో పెట్టిన పనసపండుదని రాసుకున్నారు. మైక్రోస్కోపుకి మళ్లీ మూత, బీరువాకి ఇంకో తాళం.

యంత్రం పదికాలాలు మెరవాలంటే పిల్లల కన్ను దాని మీద పడకూడదు.

ఇప్పుడు చెప్పండి, మీ బడి బీరువాలో ఏం చూశారు?