ఒంటిచేతి నీడ

ఆ వేసవిలో ఎండకు మనుషుల నీడలు పడడం మానేశాయి కనుక, ప్రతి పౌరుడూ నల్ల వినైల్ షీటుతో నీడ కత్తిరించుకుని మడమలకు అంటించుకుని తిరగాలని ఆ ఊరి మునిసిపాలిటీ ఉత్తర్వు ఇచ్చింది. చెట్లకూ గోడలకూ ఏ ఇబ్బందీ లేదు, మనుషులకే. కారణం కనుక్కోవడానికి ఒక కమిటీ వేశారు. సభ్యులు ఎండలో కాసేపు నిలబడి, కిందికి చూసుకుని, విషయం నిజమేనని సంతకాలు పెట్టి వెళ్లిపోయారు.

సువర్చలకు బస్టాండు ఎదుట స్టిక్కర్ల దుకాణం ఉంది. పుట్టినరోజు పిల్లల పేర్లు, పెళ్లికార్ల అక్షరాలు, బైకుల మీద వేసే పులిబొమ్మలు కత్తిరించే చిన్న మెషీన్, దానికి ఫైళ్లు తయారుచేసే డిజైన్ సాఫ్ట్‌వేర్, రెండూ ఆమెకు కొట్టిన పిండి. ఉత్తర్వు వచ్చాక దుకాణం మీద ‘అధీకృత నీడల కేంద్రం’ అనే బోర్డు వెలిసింది. మెషీన్ వెడల్పు మూరకు మించదు. అందుకని నీడను ముక్కలుగా కోసి, అతుకు కనపడకుండా కలిపేది. గీయాల్సిన పని మాత్రం లేదు. మునిసిపాలిటీ వారే ఒక నమూనా నీడ పంపించారు. తల, మెడ, రెండు చేతులు, రెండు కాళ్లు. మనిషిని బట్టి పొడవు మార్చుకోవచ్చు, అంతే. బొజ్జలున్నవాళ్లు తమ నీడ సన్నగా వచ్చిందని మురిసిపోయారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఫిర్యాదు పైడమ్మతో మొదలైంది. ఆమె బస్టాండు గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంది. వయసులో ఉండగా జూట్ మిల్లు యంత్రం ఆమె ఎడమచేతిని మోచేతి పైదాకా తీసుకుపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె తన నీడను చాపలా చుట్టి చంకలో పెట్టుకుని దుకాణంలోకి వచ్చింది.

“ఏటి పాపా ఇది! నాకు ఒక సెయ్యే ఉన్నాది. నీడకి రెండున్నాయి. ఇది నాది కాదంట. ఎవుల్దో ఎత్తుకొచ్చీసినానంట. నా గంప మునిసిపాలిటీవోలు అట్టుకుపోయారు.”

“రెండో చెయ్యి లోపలికి మడిచి చూపించకపోయావా పిన్నీ?”

“మడిసినాను. నీడని మడిస్తే కేసంట.”

సువర్చల ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. బస్టాండులో గంప లేకుండా పైడమ్మ పొయ్యిలో పిల్లి లేవదని ఆమెకు తెలుసు. “నీ నీడ నేను చేస్తాను. అచ్చం నీదే. గంప తెచ్చుకుందువుగాని” అంది.

పైడమ్మను గోడకు నిలబెట్టి ఫొటో తీసింది. ఫొటోను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి అంచు వెంబడి గీత లాగింది. ముడి, భుజం, జాకెట్టు చేయి ఆగిపోయిన చోటు, నడుము, చీర కుచ్చెళ్లు. ఆ ఫైలును ఆమోదం కోసం మునిసిపాలిటీ వెబ్‌సైటులో పెడితే వెంటనే జవాబొచ్చింది: ‘ఆకృతి అసంపూర్ణం.’

గీత ఎక్కడో కలవలేదేమో అనుకుని ఆమె బొమ్మను పెద్దది చేసి చూసింది. మొండిచేతి దగ్గర రెండు బిందువులు ఒకదాన్నొకటి తాకకుండా ఉన్నాయి. అలా వదిలేస్తే మెషీన్ కత్తి దారి తప్పుతుంది. రెండింటినీ కలిపింది. కుచ్చెళ్ల దగ్గర అక్కరలేని బిందువులు ఏరేసి మళ్లీ పంపింది.

‘ఎడమ చేయి లభించలేదు. దయచేసి జతపరచండి.’

“ఏటంటన్నాది?” అంది పైడమ్మ.

“చెయ్యి పెట్టమంటోంది.”

“మిల్లోల్ని అడగమను.”

సువర్చల షట్టరు దించి నేరుగా నీడల ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోమని, ఫ్యాను తనవైపు నుంచి ఆమెవైపు తిప్పి, అంతా విన్నాడు.

“అర్థమైందమ్మా. కానీ ఒక్క మనిషికని మా దగ్గర నీడ ఉండదు. ఉంటే అందరికీ ఉండాలి.”

“ఆవిడకి చెయ్యి లేదు సార్.”

“లేదు. నమూనాకి ఉంది. రెంటిలో నమూనాకే ఆమోదం ఉంది. ఏం చెయ్యమంటారు?”

“నమూనా మారదా?”

“ఎందుకు మారదు? వెబ్‌సైటులో ‘నమూనా సవరణ’ అని ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు.”

ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపే అనుకుంది సువర్చల. దుకాణానికి వచ్చి ఆ మీట నొక్కింది. నిబంధనలు కఠినంగా ఉన్నాయి. బొమ్మంతా ఒకే గీతగా ఉండాలి, గీత తనను తాను దాటకూడదు, ఎక్కడా తెగకూడదు. కళ్లు మంటలెత్తినా లేవకుండా ఒక్కో బిందువునూ జరిపింది. ముడిని తలలో కలిపేసింది. మొండిచేయి అంచు గరుకుగా వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ గీసింది. సాఫ్ట్‌వేర్ దాన్ని ‘పొరపాటు’ అని సరిదిద్దబోయిన ప్రతిసారీ వద్దని కొట్టింది. సాయంత్రం బస్సులు వెళ్లేవేళకు జవాబొచ్చింది: ‘ఆమోదించడమైనది.’

నీడ కోసి, చుట్టూ మిగిలిన వినైల్ పీకేసి, పైడమ్మ మడమలకు అంటించింది. పైడమ్మ రోడ్డు మీదికి నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసుకుంది. మళ్లీ నడిచి మళ్లీ చూసుకుంది.

“నాదే” అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. మర్నాడు గంప తిరిగొచ్చింది.

ఆ వారంలోనే సవరించిన నమూనా ఊరంతటికీ అమల్లోకి వచ్చింది. రెండు చేతుల నీడలు రద్దయ్యాయి. ఒంటిచేతి నీడలతో రెండు చేతుల మనుషులు తిరిగితే పోలిక కుదరదు కనుక, ఎడమచేతిని వెనక్కి మడిచి గుడ్డతో కట్టుకోవాలని ప్రకటన వెలువడింది. గుడ్డ ఏ రంగుదైనా ఫర్వాలేదన్నారు. ఆ వెసులుబాటుకు జనం సంతోషించారు.

సువర్చల పరుగున ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఒంటిచేత్తో టీ తాగుతున్నాడు.

“సార్, నేనడిగింది ఒక్క పైడమ్మ కోసం.”

“ఒక్కరి కోసం ఉండదని ఆరోజే చెప్పానుగా అమ్మా.”

“అయితే వెనక్కి తీసుకుంటాను.”

“తీసుకోండి. మీ హక్కు. పాత నమూనా వస్తుంది. ఆవిడ గంప మళ్లీ మేం తీసుకోవాలి.” ఆయన గొంతులో బెదిరింపు లేదు. రైలు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు.

సువర్చల తన చున్నీ తీసి ఆయన బల్ల మీద పెట్టి, “కాస్త కట్టండి సార్” అని చేయి వెనక్కి పెట్టింది. ఆయనొక కొస లాగితే, పక్క బల్ల దగ్గరి గుమస్తా ఇంకో కొస లాగాడు. ముడి పడింది.

ఊరు నేర్చుకుంది. ఒంటిచేత్తో కొబ్బరికాయ కొట్టడం, జడ వేసుకోవడం, బిడ్డనెత్తుకోవడం ఎలాగో అడగడానికి జనం పైడమ్మ గంప చుట్టూ చేరేవారు. ఆమె ఓపిగ్గా చూపించేది. వినైల్ షీటును మోకాలితో అదిమిపట్టి ఒలిచే పద్ధతి సువర్చలకు ఆమే నేర్పింది. నేర్పుతూ నేర్పుతూ ఒకసారి ఆగిపోయింది.

“నా సెయ్యి మిల్లు తీసీసింది పాపా. మీ సేతులకేటొచ్చింది?”

“రూలు పిన్నీ.”

పైడమ్మ ఆమె భుజంకేసి చూసింది. “మరైతే గట్టిగా కట్టుకో. జారిపోతే నిన్నూ అట్టుకుపోతారు” అని, ఒంటిచేత్తోనే ముడిని బిగించింది.

వందశాతం పౌరులకు నీడలు సమకూరిన సందర్భంగా టౌన్‌హాల్లో సభ జరిగింది. కమిషనరు మాట్లాడి కూర్చున్నాక చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. అందరూ తమ ఒక్క అరచేతికేసి చూసుకున్నారు. అప్పుడెవరో పక్కవాడి అరచేతికి తన అరచేయి తాకించారు. చూసి అందరూ అదే చేశారు. మొగుడూ పెళ్లాం, షావుకారూ గుమస్తా, మాటల్లేని అన్నదమ్ములూ. మిల్లు వదిలాక చప్పట్లన్నవే ఎరగని పైడమ్మ చేయి చాపింది. సువర్చల తన అరచేతిని దానికి బలంగా కొట్టింది. మోత బాగా వచ్చింది. మళ్లీ కొట్టింది. వెనక కట్టుకున్న చేయి తిమ్మిరెక్కిందో, అసలు ఉందో లేదో చూసుకోవాలని ఆమెకు తోచలేదు.